ఓపస్‌లో తాళాల మోత: చాలాకాలం వాడిన తరువాత

శబ్దాన్ని చిన్న ఫైలుగా కుదించే ఓపస్ కోడెక్ ఉచితమనీ, 2012లో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడిందనీ, వాట్సాప్ మాటలూ యూట్యూబ్ పాటలూ చాలావరకు దానిమీదే నడుస్తున్నాయనీ చదువరులకు తెలిసినదే కనుక ఆ సంగతులను వదిలివేస్తున్నాను. నేను దానిని ఇన్నేళ్ళుగా విడవకుండా వాడుతున్నందుకు కారణం ఒక్కటే: చిన్న ఫైలులో కూడా అది కంచు తాళాల మోతను చంపదు.

చెన్నైలో మా పశ్చిమ మాంబళం చుట్టుపక్కల తెలుగువారి ఇళ్ళలో జరిగే అన్నమాచార్య సంకీర్తన గోష్ఠులను రికార్డు చేసి, నెల్లూరులోనూ గుంటూరులోనూ ఉన్న బంధువులకు పంపే పని నాది. మార్గళి (ధనుర్మాసపు) కచేరీల జోలికి నేను పోను. సభలవారు రికార్డింగును సాధారణంగా ఒప్పుకోరు, అది న్యాయమే. వినేవారిలో ఎక్కువమంది పెద్దవారు, ఫోనులో దించుకొని వినేవారు కనుక గంట పాటకు 40, 50 మెగాబైట్లు మించకూడదన్నది నా నియమం. సీడీ నాణ్యతలో అదే గంట 600 మెగాబైట్లు దాటుతుంది.

ఎంపీ3తో ఈ నియమం పాటించినంతకాలం గొంతు బాగానే ఉండేది, మృదంగం ఫరవాలేదనిపించేది, కంచు తాళాలు మాత్రం కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు చుయ్యిమనేవి. కారణం ఆ పద్ధతి నిర్మాణంలోనే ఉంది. 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగులో సుమారు 16 కిలోహెర్ట్జ్ పైనున్న భాగానికి ఎంపీ3లో సొంత స్కేల్ ఫ్యాక్టర్, అంటే ఎంత సూక్ష్మంగా కొలవాలో చెప్పే సంఖ్య, లేదు. అక్కడ సూక్ష్మంగా కొలవాలంటే మొత్తం ఫ్రేముకే (ఒకేసారి కుదించే చిన్న శబ్దపు తునకకే) బిట్లు కుమ్మరించాలి కనుక, సెకనుకు 128 కిలోబిట్లలోనూ అంతకు తక్కువలోనూ ఎన్‌కోడర్లు (కుదించే ప్రోగ్రాములు) సాధారణంగా ఆ పైభాగాన్ని కోసివేస్తాయి. అది నాకు పెద్ద నష్టం కాదు. అసలు బాధ దానికి కిందనున్న పట్టీలలో (శబ్ద పౌనఃపున్యాల విభాగాలలో) ఉంది: సుమారు 26 మిల్లీసెకన్ల ఒక ఫ్రేములో బిట్లు చాలక ఒక పట్టీ సున్నా అవుతుంది, మరుసటి ఫ్రేములో తిరిగి లేస్తుంది, ఆ పడిలేవడమే చెవికి చుయ్యిమని వినబడుతుంది.

ఓపస్‌లో సంగీతాన్ని చూసుకొనే సెల్ట్ భాగం ఈ పనిని వేరొక వరుసలో చేస్తుంది. శబ్దాన్ని 20 కిలోహెర్ట్జ్ వరకు 21 పట్టీలుగా విభజించి, ముందుగా ఒక్కొక్క పట్టీలో ఎంత శక్తి ఉన్నదో ఆ లెక్కను పంపుతుంది. లోపలి వివరాలకు బిట్లు మిగిలితే సరే, మిగలకపోతే కింది పట్టీలలోని ఆకృతిని తెచ్చి, ఆ శక్తికి సరిపడేటట్లు హెచ్చించో తగ్గించో నింపుతుంది. వివరం తప్పవచ్చును గాని, పట్టీ ఖాళీ కాదు. కింది శబ్దం నుంచి పై శబ్దాన్ని తిరిగి కట్టే ఆలోచన 2003 నాటికే హెచ్ఈ-ఏఏసీ అనే మరొక కోడెక్‌లో స్పెక్ట్రల్ బ్యాండ్ రెప్లికేషన్ పేరుతో ప్రమాణమయింది. అయితే ఓపస్‌లో అది విడిగా తగిలించిన పనిముట్టు కాదు, పట్టీలకు బిట్లు పంచే పద్ధతిలోనే కలిసి ఉంది.

మొదటిసారి ఓపస్‌లో, సెకనుకు 96 కిలోబిట్లలో ఒక గోష్ఠిని పంపినప్పుడు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. మరునాడు నెల్లూరు నుంచి మా పిన్ని ఫోను చేసి, "ఏరా, ఈసారి తాళం ఎవరు వేశారు? ఖణేల్‌మంటోంది!" అని అడిగింది. తాళం వేసినది ఎప్పటివలె మా ఎదురింటి మామగారే. ఆమె వినేది ఫోనుకున్న చిన్న స్పీకరులో. మంద్ర శబ్దాలను ఇంచుమించుగా మింగివేసి, పై శబ్దాలను మాత్రం దాచకుండా వినిపించే ఆ స్పీకరుకు ఎంపీ3 చుయ్యిమనడం ఎంత పెద్దగా వినబడేదో నాకు అప్పుడు అర్థమయింది. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకొని పోల్చి చూసి వెదికిన తేడాను, పోల్చడమన్న మాటే ఎరుగని మనిషి మొదటి కీర్తనలోనే పట్టుకున్నది. ఫైలు గంటకు 43 మెగాబైట్లు మాత్రమే, ఎంపీ3లో పంపినదాని కంటె చిన్నది!

ఆ ఉత్సాహంలో బిట్‌రేటును 64కు, ఆపైన 48కి దించాను. తాళాలు ఖంగుమని మోగడం మానలేదు. కాని జాగ్రత్తగా విన్నప్పుడు, తాళం తగిలిన క్షణం స్వచ్ఛంగా ఉన్నా, ఆ తరువాత మోగుతూ సన్నగిల్లే కంచు నాదంలో ఒక గరుకుదనం చేరింది. కొట్టిన క్షణం చాలావరకు రొద వంటిది కనుక అరువు తెచ్చిన ఆకృతి అక్కడ ఇముడుతుంది. సాగే నాదానికి నిశ్చితమైన స్వరాలుంటాయి కనుక అక్కడ ఇమడదు. తంబురా విషయంలో ఇది ఇంకా స్పష్టం. జీవ దారం (తీగ కింద పెట్టే నూలు పోగు) సరిగా కుదిరిన తంబురాలో పై అనుస్వరాలు (మూలస్వరంతో పాటు మోగే పై స్వరాలు) ఒకదాని వెనుక ఒకటి విచ్చుకుంటాయి. 48లో వాటి మధ్య ఏదో పొగ కమ్మినట్లు ఉంది. శ్రుతి పెట్టెతో కానిచ్చే గోష్ఠులలో ఈ లోపం అంతగా తెలియదు, ఇప్పుడు సగానికి సగం అవే.

ఇంకొక చిక్కు, ధ్వనితో సంబంధం లేనిది: మా కారులోని స్టీరియో పెన్‌డ్రైవులోని ఓపస్ ఫైళ్ళను చూపనైనా చూపదు. కారు కోసం 192 కిలోబిట్ల ఎంపీ3 ప్రతిని ఈనాటికీ విడిగా తయారు చేస్తున్నాను. మూలాలు ఎలాగూ ఏమీ పోకుండా కుదించే ఫ్లాక్‌లో భద్రంగా ఉన్నాయి.

నా వయసు చెవికి 14 కిలోహెర్ట్జ్ దాటినది ఏదీ వినబడదు, కనుక ఆ పైభాగంలో ఓపస్ ఎంత మేలో చెప్పగలిగినవాడిని కాను. స్టూడియో రికార్డింగులతో నాకు పరిచయమూ తక్కువే. ఇంటి గోష్ఠులను ఫోనులో వినే బంధువులకు పంపే నావంటివారికి 96 చాలును. నిజమైన తంబురా పెట్టుకొని పాడిన రోజున మాత్రం, గంటకు 50 మెగాబైట్ల నియమాన్ని పక్కన పెట్టి 128 ఇస్తున్నాను.