అల్మోరా భంగ్ గింజలు, ఆన్‌లైన్ హెంప్ ప్యాకెట్: రెండూ కొని తిన్నవాడి రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, భంగ్ గింజలంటే గంజాయి మొక్క గింజలే, హెంప్ అన్నా ఆ మొక్కే, కానీ ఇది మత్తు రివ్యూ కాదు, చట్నీ రివ్యూ. టైటిల్ చూసి ఆశగా వచ్చినవాళ్ళు ఇక్కడే దిగిపోవచ్చు.

పోయిన అక్టోబర్‌లో నేనూ మా ఆవిడా కాఠ్‌గోదామ్ దాకా ట్రైన్‌లో వెళ్ళి అక్కణ్ణుంచి షేర్ టాక్సీ ఎక్కి ఉత్తరాఖండ్ కొండల్లో ఉన్న అల్మోరా పోయాం. భవాలీ దాటాక ఒక దాబా దగ్గర బండి ఆపితే ఆలూ కే గుట్కే పెట్టారు, అంటే ఉడికించి తాలింపులో వేయించిన బంగాళాదుంప ముక్కలే, దాంట్లో పెద్ద విశేషం లేదు, కానీ పక్కన ఒక చెంచాడు బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ చట్నీ వేశాడు చూడండి, అది నాలిక మీద పడగానే నేను మా ఆవిడ ప్లేట్ వైపు చూశా, ఆవిడ నా ప్లేట్ వైపు చూసింది. ఏంటిది అంటే భాంగ్ కీ చట్నీ అన్నాడు. మా ఆవిడ చెంచా కింద పెట్టేసింది. డ్రైవర్ నవ్వీ నవ్వీ, గింజల్లో నషా (మత్తు) ఉండదు మేడమ్, మా ఇంట్లో పసిపిల్లలూ తింటారు అని చెప్పాక మళ్ళీ తీసుకుంది. తర్వాత నా వాటా కూడా ఆవిడే తినేసింది.

సరే, అల్మోరాలో లాలా బజార్ అని రాళ్ళు పరిచిన పాత బజారు వీధి ఉంది, అందరూ బాల్ మిఠాయి కోసం పోతారు, మేమూ పోయాం. నేను చెప్పే కొట్టు మాత్రం ఊరి బయట, చుట్టుపక్కల ఊళ్ళ ఆడవాళ్ళు కలిసి నడుపుకునేది, బోర్డు కూడా సగం చెరిగిపోయింది. రాగులు (వాళ్ళ మడువా), ఉలవలు, నల్ల సోయా, ఎర్ర బియ్యం అన్నీ గోనె సంచుల్లో మూతి విప్పి పెట్టారు. కూర్చున్నావిడకి అరవై దాటి ఉంటాయి, అందరూ ఆమా అంటున్నారు, ఆ పక్క నానమ్మని అలాగే పిలుస్తారట, నేనూ ఆమా అనే అన్నా. భంగ్‌జీరా ఇమ్మన్నా. ఆమా రెండు సంచులు చూపించి ఏది అంది. అప్పుడు తెలిసింది నాకు, భంగ్‌జీరా వేరు, భంగ్ గింజ వేరు. భంగ్‌జీరా అనేది తులసి కుటుంబంలో పెరిల్లా అనే మొక్క, దానికీ గంజాయికీ సంబంధమే లేదు. రెండిటితోనూ చట్నీ చేస్తారు కాబట్టి మనలాంటి టూరిస్టులు తికమకపడటం మామూలే. కొనేటప్పుడు భాంగ్ కే దానే అని అడగండి, గుర్తుపెట్టుకోండి.

గింజ ఎలా ఉంటుందంటే ధనియం కంటే చిన్నది, ఆవగింజ కంటే పెద్దది, బూడిద రంగు మీద గోధుమ రంగు గీతలు, పిట్ట గుడ్డుకి చిన్న నమూనాలాగా. ఆమా ఒక గుప్పెడు ఇనప మూకుడులో వేసి వేయించి చూపించింది, చిటపటలాడుతూ ఒకటి రెండు నా చొక్కా మీదకి ఎగిరాయి. నోట్లో వేసుకుంటే అచ్చం మన అరకు వలిసెల రుచికీ నువ్వుల రుచికీ మధ్యలో ఎక్కడో ఉంది, చివర్లో కొంచెం అక్రోటు వగరు. పైపెంకు గట్టిది, పంటి కింద కరకరమంటుంది, కొందరికి అది నచ్చదు, మా ఆవిడకి నచ్చలేదు.

అర కిలో తీసుకున్నా, 200 తీసుకుంది. బిల్లు లేదు, కార్డు లేదు, యూపీఐ స్టిక్కర్ ఉంది కానీ ఆ రోజు సిగ్నల్ లేదు, నగదు పట్టుకెళ్ళండి.

నాకు అసలు నచ్చింది తర్వాతి అరగంట. ఈ విత్తనం ఎక్కడిది ఆమా అని అడిగితే, ఎక్కడిదేంటి బేటా మాదే అంది. వాళ్ళ ఇంటి వెనక పశువుల పాక పక్కన ఎరువు బాగా పడే చోట ఎండాకాలం ముందు చల్లుతారట, వానలకి మనిషిని దాటి రెండింతలు పెరుగుతుందట, దీపావళి రోజుల్లో కోసి గింజ దులుపుకుని, కాండం నానబెట్టి నార తీసి తాళ్ళు పేనేవాళ్ళట. ఆ నారతో భంగేలా అని ముతక గుడ్డ కూడా నేసేవాళ్ళు అక్కడ, ఇప్పుడు తగ్గిపోయింది. బాగా పెద్ద గింజ కాసిన మొక్కది వేరే మూట కట్టి మళ్ళీ ఏడాదికి దాస్తుంది. కూతురు అత్తారింటికి పోయినప్పుడు ఒక దోసెడు ఇచ్చి పంపిందట, ఆ ఊళ్ళో చలి ఎక్కువ, మూడేళ్ళకి అక్కడి గింజ కొంచెం చిన్నదయిపోయి ముందే పండటం మొదలుపెట్టింది అని చెప్పింది. ల్యాండ్‌రేస్ అని పెద్ద పెద్ద వ్యాసాల్లో రాసేది ఇదే కదా, ఒక ఊరి మట్టికీ చలికీ అక్కడి మనుషుల చేతికీ అలవాటు పడిపోయిన విత్తనం. మనకి నవారా, కాలాబట్టీ బియ్యం ఎలాగో వాళ్ళకి ఇదలాగ.

ఇంటికొచ్చాక సీను. అమ్మ మూట విప్పి చూసి "ఒరేయ్, గంజాయి విత్తనాలు ఇంట్లో పెట్టావేంట్రా, పోలీసులొస్తే ఎవడు చెప్తాడు సమాధానం" అంది. "అమ్మా, గింజ గంజాయి కాదే, చట్టంలోనే ఉంది" అన్నా. నిజంగానే ఉంది. 1985 నాటి మత్తు పదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) గంజాయి అంటే పూత కొనలు అని చెప్పి, పూత లేకుండా విడిగా ఉన్న గింజనీ ఆకునీ అందులోంచి తీసేసింది. 2021లో ఫుడ్ సేఫ్టీ వాళ్ళు హెంప్ గింజలు, నూనె, పిండి మూడిటినీ ఆహారంగా ఒప్పుకున్నారు. ఎల్లోరా గుహల్లో గోడల గచ్చులో కూడా ఈ మొక్క కలిపారని 2016లో బయటపెట్టారు అని కూడా చెప్పా, అమ్మ దానికి "అయితే వాళ్ళు గోడకి పూశారు, నువ్వు అన్నంలో పూస్తావా" అంది. కానీ ఒకటి మాత్రం సీరియస్‌గా చెప్తున్నా, తినొచ్చు కదా అని బాల్కనీ కుండీలో నాలుగు చల్లకండి, లైసెన్స్ లేకుండా మొక్క పెంచడం నేరమే, ఒక్క మొక్కైనా సరే.

వంట సంగతి. చట్నీకి వేయించిన గింజలు, జీలకర్ర, పచ్చిమిర్చి, కొత్తిమీర, పుదీనా, ఉప్పు, నిమ్మరసం, అంతే. మిక్సీలో పెంకు నలగదు, పొడి పొడిగా ఇసకలా వస్తుంది, రోట్లో కొంచెం కొంచెం నీళ్ళు చిలకరిస్తూ నూరితేనే ఆ దాబా రుచి వచ్చింది. ఇంకో పద్ధతి ఆమా చెప్పింది, నూరిన ముద్దలో నీళ్ళు పోసి గుడ్డలో పిండి ఆ పాలు చామదుంపల కూరలో పోస్తారు. నేను మన చామదుంపల పులుసులో పోశా, చింతపండు కొంచెం తగ్గించి. కొబ్బరిపాలు పోసినట్టు చిక్కబడింది గానీ తీపి లేదు, నువ్వుల కమ్మదనం ఉంది. అమ్మ రెండోసారి వడ్డించుకుంది, ఏమీ అనలేదు, మా ఇంట్లో అదే ఫైవ్ స్టార్. ఎండుమిర్చి వెల్లుల్లితో కారప్పొడి కూడా కొట్టాను, అవిసె గింజల కారం కంటే బాగుంది, ఇడ్లీలోకి మాత్రం నప్పలేదు.

అర కిలో అయిపోయాక ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించా, పేరు రాయను. ముందు వైపు మంచు కొండ బొమ్మ, హిమాలయ అని పెద్ద అక్షరాలు. పెంకు తీసిన పప్పు, 250 గ్రాములు 450 రూపాయలు. ప్రొటీన్ విషయంలో తప్పు పట్టను, పెంకు తీసిన పప్పులో వందకి 30 గ్రాముల పైనే ఉంటుంది, జిమ్ వాళ్ళకి పండగే. రుచి మాత్రం చప్పగా, మెత్తగా, పచ్చి పొద్దుతిరుగుడు పప్పులా ఉంది. అనుమానమొచ్చి ప్యాకెట్ వెనక్కి తిప్పి ఫోన్‌లో జూమ్ చేసి చూస్తే వేరే దేశం నుంచి దిగుమతి అని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కస్టమర్ కేర్‌కి రాస్తే క్వాలిటీకి మేం కట్టుబడి ఉన్నాం అని జవాబు. నేనడిగింది క్వాలిటీ కాదయ్యా, ఊరు.

ఊరు ఎందుకంటారా, చెప్తా. 2018లో ఉత్తరాఖండ్ దేశంలో మొదటిసారి హెంప్ సాగుకి లైసెన్స్ ఇచ్చింది. షరతు ఏంటంటే మత్తు పదార్థం టీహెచ్‌సీ 0.3 శాతం దాటకూడదు. కొండల్లో తరతరాలుగా పెరిగే మొక్కల్లో చాలావాటికి ఆ గీత తెలీదు, దాటేస్తాయి. కాబట్టి లైసెన్స్ తీసుకునే కంపెనీవాడు ఆమా గింజ ఎందుకు తీసుకుంటాడు, బయటనుంచి తక్కువ టీహెచ్‌సీ విత్తనం తెచ్చుకోవాలనే చూస్తాడు. ఇక్కడే చిక్కు. ఈ మొక్కలో మగది వేరు ఆడది వేరు, పుప్పొడి గాలికే పోతుంది, కిలోమీటర్ల దూరం పోతుంది. కింద మడిలో కంపెనీ పంట వేస్తే పై మడిలో ఆమా గింజకి అది తగలకుండా ఆపేవాడు లేడు. వరి అయితే పక్క మడిలో వేరే రకం ఉన్నా పెద్దగా కలవదు, మన దేశీ వరి వాళ్ళు విత్తనాల పండగలు పెట్టుకుని గుప్పెడు గుప్పెడు పంచుకుంటారు, హైదరాబాద్ నుంచి పోస్టులో కూడా పంపుకుంటారు. ఈ గింజకి ఆ వెసులుబాటు లేదు. మనం కొనొచ్చు తినొచ్చు, విత్తి కాపాడటం మాత్రం మన చేతుల్లో లేదు, దాన్ని అలవాటుగా పండించుకుంటున్న కొండ ఊళ్ళ వాళ్ళు మానేస్తే అంతే. అందుకే నేను ప్యాకెట్ మీద ఊరి పేరు అడుగుతున్నా, ఆ ఊరి గింజ కొంటేనే ఆ ఊళ్ళో మళ్ళీ చల్లుతారు.

మన దగ్గర ఈ మొక్క పేరెత్తితే శీలావతి అనే గంజాయి రకం గుర్తొస్తుంది, పేపర్లో మన్యం వార్తల్లో చదివే పేరు. 2021లో ఆపరేషన్ పరివర్తన అని ఆంధ్రా పోలీసులు వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశారు, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు. స్మగ్లర్ల పంట పోయినందుకు నాకు బాధ లేదు, గిరిజన కుర్రాళ్ళు మోతకూలీలుగా దొరికి జైళ్ళలో పడటం చూశాక అసలే లేదు. కాకపోతే తగలబెట్టేముందు ఒక గుప్పెడు గింజ విత్తన బ్యాంకుకి పంపి ఉంటే పోయేదేముంది అనిపిస్తుంది, అంతే, దాని మీద గొడవొద్దు.

ఇంకోటి, హెంప్ అంటే జనపనార అని రాసేవాళ్ళున్నారు, కాదు. జనుము వేరే మొక్క, పచ్చిరొట్టగా వేస్తాం కదా అది. మన గోగునారని కూడా ఇంగ్లీషోళ్ళు దక్కన్ హెంప్ అన్నారు, భీమిలి పేరు పెట్టి బిమ్లీపట్నం జూట్ అని కూడా అన్నారు. నార వచ్చే ప్రతిదానికీ హెంప్ అని పేరు పెట్టేయడం వాళ్ళ అలవాటు.

మార్కులు. అల్మోరా కొట్టుకి 5కి 4. ఒకటి ఎందుకు తగ్గించానంటే గింజల్లో మట్టి, పుల్లలు బాగా వచ్చాయి, చెరిగి, కడిగి, ఎండబెట్టి తర్వాతే వేయించాలి, పైగా పార్సిల్ పంపరు. ఆన్‌లైన్ ప్యాకెట్‌కి 2, ఆ రెండూ స్మూతీలోకి పనికొచ్చినందుకు. ఏది కొన్నా పొడి మాత్రం ఒకేసారి ఎక్కువ కొట్టుకోకండి, నూనె గింజ కదా, బయట పెడితే కమురు వాసన వచ్చేస్తుంది, నాది పావు కిలో అలాగే పోయింది. గింజగా ఫ్రిజ్‌లో పెట్టుకుని వారానికి సరిపడా వేయించుకోండి.

మా ఆవిడ తమ్ముడు నవంబర్‌లో నైనిటాల్ పోతున్నాడు, రెండు కిలోలు తెమ్మని చెప్పా. కొత్త పంట అప్పుడే వస్తుంది. భంగ్‌జీరా తీసుకొస్తాడేమోనని గింజ ఫోటో కూడా పంపించా.