మహాబలిపురం ఒక్కరోజు యాత్ర: భోజనానికి నిండు మార్కులు, షోరూముకు సున్నా

చెన్నై నందంబాక్కంలో జరిగిన సివిల్ ఇంజినీర్ల సదస్సు చివరి రోజున, నిర్వాహకులు ఒక ప్రైవేటు పర్యాటక సంస్థకు అప్పగించిన యాత్రలో నేనూ పాల్గొన్నాను. మనిషికి 3,200 రూపాయలు. బస్సు, ప్రవేశ టికెట్లు, గైడు, మధ్యాహ్న భోజనం అన్నీ అందులోనే. ఇరవై ఏళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ, బంధువులు వచ్చినప్పుడల్లా మహాబలిపురం తీసుకెళ్లి వాళ్ల ఫొటోలు తీయడమే తప్ప నేనెన్నడూ నిలబడి చూసింది లేదు కనుక, ఆ డబ్బు ఎక్కువనిపించలేదు. ఇరవై ఆరుగురిలో తెలుగువాళ్లం ఐదుగురం. మాలో పెద్దవారు రాజమండ్రి నుంచి వచ్చిన ఒక విశ్రాంత ప్రొఫెసరు గారు.

బస్సు నలభై నిమిషాలు ఆలస్యంగా కదిలింది. మొదటి మజిలీ ముట్టుకాడులోని దక్షిణచిత్ర. దక్షిణాది రాష్ట్రాల పాత ఇళ్లను వాటి ఊళ్లలో విప్పి, తెచ్చి, ఇక్కడ మళ్లీ నిలబెట్టిన ఈ ప్రదర్శనశాల 1996లో తెరుచుకుంది. దీని రూపకల్పనలో వాస్తుశిల్పి లారీ బేకర్ చేయి ఉంది. అందరూ చెట్టినాడు ఇంటి స్తంభాల దగ్గర గుమిగూడితే, మేం ఐదుగురం కోస్తాంధ్ర చుట్టిల్లు దగ్గరే ఉండిపోయాం. మందపాటి మట్టిగోడ, తల వంచితే తప్ప లోపలికి పోనివ్వనంత కిందికి దిగిన తాటాకు కప్పు. గుండ్రటి గోడకు మూలలుండవు కాబట్టి తుఫాను గాలి దాన్ని పట్టుకోలేక పక్కలకు జారిపోతుందని ప్రొఫెసరు గారు వివరిస్తుంటే, గైడు కూడా వచ్చి విన్నాడు. “ఇలాంటి ఇంట్లోనే పుట్టానండీ నేను, ఇప్పుడు టికెట్టు కొనుక్కుని చూడాల్సి వచ్చింది,” అన్నారాయన.

ఈ యాత్రలో డబ్బుకు తగిన ఫలం దక్కింది మాత్రం భోజనం దగ్గర. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) పక్కన ఒక తోట ఇంట్లో, చెట్టినాడు వంట తెలిసిన ఒకావిడ మా కళ్లెదుటే మసాలా వేయించి నూరారు. మరాఠీ మొగ్గ, అనాసపువ్వు మాకు తెలిసినవే. నల్లగా, ఎండిన బెరడు ముక్కల్లా ఉన్న కల్పాసిని ఆవిడ అరచేతిలో పెట్టినప్పుడు వాసనే లేదు. అదే కాగిన నూనెలో పడగానే గదంతా అడవిలో తొలకరి పడినట్టు కమ్మేసింది. కల్ అంటే రాయి, పాసి అంటే మన పాచి. మన పచారీ కొట్లలో రాతిపువ్వు పేరుతో దొరికేది ఇదే. ఆ తర్వాత కుళిపణియారాల పెనం పొయ్యెక్కగానే, అనంతపురం నుంచి వచ్చిన మిత్రుడు “అక్కా, ఇవి మా గుంత పొంగణాలే” అని గరిటె అందుకున్నాడు. తిరగేయడంలో రెండు చిరిగాయి, అవి అతని ఆకులోనే పడ్డాయి. చివర్లో నల్ల కవుని బియ్యంతో చేసిన తీపి వడ్డించారు. కొబ్బరి తగులుతూ, నమిలితే బంకగా సాగే ఆ గింజ కోసం నేను రెండోసారి అడిగి వేయించుకున్నాను. వడ్డన తీరికగా సాగింది, ఎవరూ గడియారం చూపించలేదు.

ఆ తీరికకు అసలు వెల మధ్యాహ్నం తర్వాత చెల్లించాం. రాతిని తొలిచి రథాల్లా మలిచిన ఐదు గుడులు, పంచరథాల దగ్గర గైడు బాగానే చెప్పాడు: వీటికీ పాండవులకూ సంబంధం లేదనీ, పేర్లు తర్వాత వచ్చినవనీ, ఏడో శతాబ్దపు పల్లవ శిల్పులు రాతిని పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారనీ. కొన్నింటి అడుగుభాగాలు మొరటుగా మిగిలి ఉండటం చూస్తే ఆ మాట కళ్లకు కడుతుంది. అక్కడి నుంచి నేరుగా అర్జున తపస్సు అనే రాతి శిల్పం దగ్గరికి వెళ్లాల్సిన బస్సు, కార్యక్రమ పత్రంలో ఎక్కడా లేని ఒక శిల్పాల షోరూము ముందు ఆగింది. శీతల పానీయం, ఉపన్యాసం, ధరల పట్టీ, మళ్లీ ఉపన్యాసం. అచ్చంగా యాభై నిమిషాలు. కొన్నది ఒక్కరు, అదీ చిన్న వినాయకుణ్ణి.

పాతిక మీటర్లకు పైగా పరచుకున్న ఆ మహాశిల్పానికి ఆపైన మిగిలింది పదిహేను నిమిషాలు. తపస్సు చేస్తున్న మునిని అనుకరిస్తూ ముందు కాళ్లెత్తి నిలుచున్న దొంగ పిల్లినీ, దాన్ని నమ్మి చుట్టూ చేరిన ఎలుకలనూ నేనే వెతికి మావాళ్లకు చూపించాను. గైడు అప్పటికే బస్సు వైపు చేయి ఊపుతున్నాడు. సముద్రతీర ఆలయం సాయంత్రం 6 గంటలకు మూస్తారు, మేం 5.40కి చేరాం. పల్లవ రాజు రాజసింహుడి కాలపు ఆ గుడిని చుట్టి వచ్చేసరికి కాపలాదారు ఈల వేశాడు.

తిరుగు బస్సులో అభిప్రాయ పత్రం పంచారు. సీట్ల శుభ్రత, ఏసీ, డ్రైవరు నడవడి గురించి అడిగారు గానీ షోరూము ఊసు లేదు. అందుకని కాగితం వెనక్కి తిప్పి రాశాను: మహాబలిపురం ఎండ ముదరకముందే పొద్దున్నే చూపించండి, భోజనం తర్వాత దక్షిణచిత్ర చెట్ల నీడకు తీసుకెళ్లండి, దానికి మంగళవారం సెలవు కనుక ఆ రోజు మాత్రం యాత్ర పెట్టకండి, షోరూముకు వెళ్లాలనుకునేవాళ్లకు వేరే ఆటో మాట్లాడండి. ప్రొఫెసరు గారు అది చదివి, కింద తన సంతకం కూడా పెట్టారు.