కడపలో నాటకానికి టికెట్లు కొంటున్నారా? ‘ర్యాంప్ ఉంది’ అంటే నమ్మకండి

హాలు పేరు, ఆర్గనైజర్ల పేరు రాయను. నిన్న సాయంత్రం పౌరాణిక నాటకానికి పోయినవాళ్ళకు ఎట్లాగూ తెలుసు. మా నాయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి వీల్‌చైరే. అందుకే డబ్బు కట్టే ముందే ఫోన్ చేసి అడిగాను. ‘ర్యాంప్ ఉందమ్మా, టెన్షన్ పడొద్దు’ అన్నారు. ముందు వరసలో రెండు టికెట్లు, వెయ్యి రూపాయలు.

ర్యాంప్ ఉంది, అబద్ధం చెప్పలేదు! హాలు వెనకాల, జనరేటర్ పక్కన, సెట్టింగు సామాను ఎక్కించుకునే వాలు. గేటుకు తాళం. తాళంచెవి ఉన్నాయన టీకి పోయాడు. తీసినా ఏం లాభం? అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. ఇక్కడ చూస్తే నిట్టనిలువుగా సిమెంటు పోసేశారు. పైగా అది పోయేది స్టేజీ మీదికి. మా నాయన నాటకం చూడ్డానికి వచ్చాడు గానీ వేషం కట్టడానికి కాదు కదా.

ఎవరో పిల్లోళ్ళు చైర్‌తో సహా మెట్లెక్కించారు, చల్లగా ఉండాలి వాళ్ళు. లోపల హార్మోనియం మొదలైంది. నాయన పనిచేసే ఎడమ చేత్తో చైర్ పిడి మీద తాళం వేస్తున్నాడు. అంతలో ఆర్గనైజర్ వచ్చి, దారికి అడ్డం, చైర్ బయట పెట్టమన్నాడు. మామూలు సీట్లో కూర్చుంటే ఒరిగిపోతాడు సార్ అన్నాను. అప్పుడన్నాడు, చుట్టూ అందరూ వింటుండగా: ‘పెద్దాయనను ఇంత కష్టపెట్టి ఎందుకు తెచ్చినావమ్మా? యూట్యూబ్‌లో పెడతాం కదా, ఇంట్లో చూపించు.’

నాయనతో కాదు, ఆయన తల మీదుగా నాతో. నాయనకు నోరు తిరగదు గానీ చెవులు బాగానే వినిపిస్తాయి స్వామీ. పిడి మీద చెయ్యి ఆగిపోయింది. పోదాం పదమని సైగ చేశాడు.

డబ్బు అడిగితే ‘నో రీఫండ్’ అని టికెట్ చూపించారు. ర్యాంప్ ఉందన్నారు కదా అంటే, ‘ఉంది కదా!’ అంట. ఆపైన ‘ఇది ప్రైవేటు హాలు’ అని ఇంకో ముక్క. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో జనం వచ్చే సాంస్కృతిక భవనం ప్రైవేటుదైనా పబ్లిక్ బిల్డింగే. పాత భవనాలు మార్చుకోవడానికి ఇచ్చిన ఐదేళ్ళ గడువు 2022లోనే అయిపోయింది. వీళ్ళు మాత్రం 1885లో సురభి నాటకం పుట్టిన జిల్లా మనది అని మైకులో ఊదరగొడుతూనే ఉంటారు.

ఎవరైనా వీల్‌చైర్‌తో పోయేటట్లయితే గేటు నుంచి సీటు దాకా వీడియో వాట్సాప్‌లో పంపమనండి, బాత్‌రూమ్‌తో సహా. చైర్ ఎక్కడ పెట్టనిస్తారో మెసేజ్‌లో రాయించుకోండి, ఫోన్ మాట చెల్లదు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నా. నిన్న అక్కడున్నవాళ్ళు ఎవరైనా ఆ మాటలు విని ఉంటే కింద కామెంట్ పెట్టండి, సాక్ష్యానికి పనికొస్తుంది.