‘రక్షణ నిశ్చయత’ క్లాసులు: వెళ్లినవాళ్లు అడిగితే ఇదీ నా మాట

రక్షణ నిశ్చయత అంటే, దేవుడు నన్ను పాపం నుంచి రక్షించాడు, పరలోకానికి చేరతాను అని అనుమానం లేకుండా తెలిసి ఉండటం. గుంటూరులో ఒక చర్చి వాళ్లు శ్రమకాలంలో (ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాల్లో) నాలుగు ఆదివారాల సాయంత్రాలు దీనిమీద క్లాసులు పెట్టారు. ఫీజు లేదు, నోట్సు పుస్తకానికి వంద రూపాయలు. మెచ్చుకోవాల్సినవి, తిట్టాల్సినవి రెండూ ఉన్నాయి కాబట్టి చర్చి పేరు రాయడం లేదు.

నేను పుట్టుకతో లూథరన్‌ని, అంటే మార్టిన్ లూథర్ బాటలో నడిచే ప్రొటెస్టెంటు సంఘం మాది. పసిపిల్లగా బాప్తిస్మం, హైస్కూల్లో ఉండగా కన్ఫర్మేషన్ (ఆ విశ్వాసాన్ని నోటితో ఒప్పుకునే ఆరాధన). మా అత్తగారివైపు అందరూ పెంతెకోస్తు. వాళ్లింట్లో ప్రార్థన కూటం జరిగితే చాలు, ఎవరో ఒక సిస్టర్ పక్కన కూర్చుని "ఏ తేదీన రక్షణ పొందావమ్మా?" అని అడుగుతుంది. నా దగ్గర తేదీ లేదు. క్లాసుకి వెళ్లడానికి అదే కారణం.

మొదటి వారం పాస్టరు అయ్యగారు అందరికీ చిన్న కాగితాలు పంచారు. "ఈ రాత్రి చనిపోతే పరలోకానికి వెళ్తానని ఎందుకు అనుకుంటున్నారు?" రాయమన్నారు. పేర్లు లేకుండా చదివి వినిపించారు. దాదాపు ప్రతి కాగితం ‘నేను’తో మొదలైంది. నేను నమ్మాను, నేను బాప్తిస్మం తీసుకున్నాను, నేను ఉపవాసం ఉంటాను. ఆయన విమర్శించలేదు. యోహాను పదో అధ్యాయం తీయించి, గొర్రెలు కాపరిని ఎంత గట్టిగా పట్టుకున్నాయో అక్కడ ఎక్కడైనా ఉందేమో వెతకమన్నారు. లేదు. ఎవరూ వాటిని కాపరి చేతిలోంచి లాక్కోలేరని మాత్రమే ఉంది. ఆ ఒక్క గంటకే వంద రూపాయలూ గిట్టాయి.

రెండో వారం ఇంకా బాగుంది. చరిత్రంటే నిద్రొస్తుందనుకునేవాళ్లు కూడా కదల్లేదు. 1547లో రోమన్ కాథలిక్కుల ట్రెంట్ మహాసభ, ప్రత్యేకమైన ప్రత్యక్షత లేకుండా తాను చివరిదాకా నిలబడతానని ఎవరూ తిరుగులేని నిశ్చయతతో చెప్పుకోకూడదని తీర్మానించింది. మాతో కూర్చున్న ఒక ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) ఆంటీ "మేం నిరాశలో లేమండీ, నిరీక్షణతో ఉన్నాం" అంది. అయ్యగారు ఆ మాటకి తగిన గౌరవం ఇచ్చారు. ఆ తర్వాత మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ కథ. 1738 మే 24న లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో రోమా పత్రికకి లూథర్ రాసిన ముందుమాట ఎవరో చదువుతుంటే, తన పాపాలు తీసివేయబడ్డాయని ఆయనకి నిశ్చయత కలిగింది. అంతటి వెస్లీ కూడా విశ్వాసి పడిపోయి రక్షణ పోగొట్టుకోవచ్చనే బోధించాడు. ప్రెస్బిటేరియన్ సంఘాలు పాటించే వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణమైతే, నిజమైన విశ్వాసి కూడా ఈ నిశ్చయత కోసం చాలాకాలం పోరాడాల్సి రావచ్చని ఒప్పుకుంది. తేదీ లేని నాలాంటివాళ్లకి అది పెద్ద ఊరట.

మన సంగతి కూడా చెప్పారు. 1842లో అమెరికా నుంచి మిషనరీ హయర్ దొర గుంటూరు రావడంతో మా లూథరన్ల కథ మొదలైంది. ఒంగోలు వైపు బాప్టిస్టులది వేరే కథ. కరువు తర్వాత, 1878 జూలై 3న ఒక్క రోజులో గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. తేదీ అడిగే సిస్టర్లకి వాళ్లయితే టక్కున చెప్పేవాళ్లు!

మూడో వారం దగ్గర క్లాసు దెబ్బతింది. యోహాను మొదటి పత్రిక తీశారు. విశ్వసించేవాళ్లు తమకి నిత్యజీవం ఉందని తెలుసుకోవాలనే ఆ పత్రిక రాశారని ఐదో అధ్యాయం 13వ వచనంలో స్పష్టంగా ఉంది. దాన్నే పరీక్ష కాగితం చేశారు. సహోదర ప్రేమకి పదికి ఎన్ని, ఆజ్ఞలు పాటించడానికి పదికి ఎన్ని అంటూ మార్కులు వేసుకోమన్నారు. నా పక్కనున్న నర్సమ్మ ప్రేమకి రెండు వేసుకుంది. నైట్ డ్యూటీలో రోగుల దుప్పట్లు మార్చే మనిషి! మొదటి వారం ‘నేను’ అనే మాట మీదనుంచి మా కళ్లు తిప్పి, మూడో వారం మళ్లీ అక్కడికే తెచ్చారు.

నాలుగో వారం అందరూ ఎదురుచూసిన ప్రశ్న: రక్షణ పోతుందా? విశ్వాసం నుంచి తొలగిపోయేవాళ్లని హెచ్చరించే హెబ్రీ ఆరో అధ్యాయానికి పావుగంట కూడా ఇవ్వలేదు. నిజమైన విశ్వాసి చివరికి తొలగిపోడు, తొలగిపోయినవాడు మొదటినుంచీ విశ్వాసి కాడు అని చెప్పి కానుకల సంచి తిప్పారు. నెదర్లాండ్స్‌లో ప్రొటెస్టెంట్ల డార్ట్ సభ 1618-19లో నెలల తరబడి చర్చించిన విషయం అది. అక్కడ ఎదుటి పక్షమైన ఆర్మీనియన్ల వాదన ఏమిటో ఒక్క ముక్క చెప్పలేదు. రక్షణ పోగొట్టుకోవచ్చని నమ్మే పెంతెకోస్తు బ్రదర్స్ ముఖాలు మాడిపోయాయి, న్యాయమే.

అంతకన్నా బాధపెట్టింది ఇంకొకటి. ఒక కుర్రాడు లేచి, క్షమించరాని పాపం చేశానేమోనని నిద్రపట్టడం లేదన్నాడు. "ఇంకా ప్రార్థించు" అన్నారు, అంతే. ఇంగ్లిష్ కవి విలియం కౌపర్ అంత గొప్ప కీర్తనలు రాశాడు, పక్కన జాన్ న్యూటన్ లాంటి స్నేహితుడు ఉన్నాడు, అయినా దేవుడు తనని తోసేశాడన్న భయం ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. ఇలాంటి టెన్షన్‌కి వాక్యంతోపాటు డాక్టరు కూడా కావాలని చెప్పే మనిషి ఆ హాల్లో ఉండాల్సింది.

చిన్న చిన్న సంగతులు: టీ బాగుంది. మైకు మధ్యమధ్యలో ఆగిపోతుంది, ముందు వరసలో కూర్చోండి. నోట్సులో అచ్చుతప్పులు ఉన్నాయి, రోమా 8:16 ఉండాల్సిన చోట 6:18 పడింది, కాబట్టి సొంత బైబిల్ తీసుకెళ్లండి. తేదీ అడిగి విసిగించే బంధువులుంటే రెండో వారానికి వాళ్లనీ వెంటబెట్టుకెళ్లండి. మూడో వారం మార్కుల కాగితం మాత్రం పుచ్చుకోకండి.