డాక్యుమెంట్.రైటా, డామ్ మార్పులా?

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఈరోజు వంజరం ధర చూపే వెబ్ పేజీ చేస్తున్నారనుకుందాం. జావాస్క్రిప్ట్‌తో ధర చూపడానికి రెండు దారులు: డాక్యుమెంట్.రైట్ అంటే పేజీలోకి నేరుగా రాసేసే ఆదేశం; డామ్ అంటే బ్రౌజర్ దగ్గరుండే పేజీ భాగాల నమూనా, అందులో కావాల్సిన భాగాన్నే మార్చొచ్చు.

శ్రమ: డాక్యుమెంట్.రైట్‌కి ఒక్క లైను చాలు. డామ్ పద్ధతిలో ముందు ఖాళీ డివ్ (పేజీలో ఒక పెట్టె) పెట్టి, దాన్ని ఐడీతో (దానికి పెట్టిన పేరుతో) పట్టుకోవాలి.

రిస్కు: అసలు తేడా ఇక్కడే. పేజీ లోడవుతుండగా రైట్ పిలిస్తే (అంటే ఆ ఆదేశం నడిపిస్తే) స్క్రిప్టు, అంటే జావాస్క్రిప్ట్ కోడ్, ఉన్నచోటే ధర పడుతుంది. లోడయ్యాక, బటన్ నొక్కినప్పుడు పిలిస్తే మాత్రం పేజీ మొత్తం తుడిచిపెట్టుకుపోయి ధర ఒక్కటే మిగులుతుంది! డామ్‌లో ఆ డివ్ ఒక్కటే మారుతుంది. కాకపోతే కొనేవాళ్లు టైప్ చేసింది చూపించేటప్పుడు ఇన్నర్‌హెచ్‌టీఎంఎల్ వద్దు, అది రాసినదాన్ని పేజీ కోడ్‌గా తీసుకుంటుంది; ఉత్త అక్షరాలుగానే చూపే టెక్స్ట్‌కంటెంట్ వాడండి. లేదంటే ఎవరో పంపిన కోడ్ మీ పేజీలో నడిచే ప్రమాదం ఉంది.

వేగం: రైట్‌తో బయటి స్క్రిప్టు తెస్తే, అది వచ్చేదాకా మిగతా పేజీ ఆగుతుంది.

మద్దిలపాలెంలో కోర్సు చేస్తూ లోడింగ్ క్రమం అర్థం చేసుకోవడానికి రైట్ సరే. వేలం సాగేకొద్దీ ధర మారాలంటే డామే.