లాక్టోజ్ పడని కడుపుతో ఇటలీ: బొలోన్యా, రోమ్, నేపుల్స్

నాకు లాక్టోజ్ పడదు, అంటే పాలల్లో సహజంగా ఉండే చక్కెర. దాన్ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ చిన్నపేగులో తక్కువగా ఉంటే ఆ చక్కెర అలాగే పెద్దపేగులోకి పోతుంది, అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడతాయి, ఇక ఉబ్బరం, గ్యాస్, మోషన్స్. అందుకే ఇటలీ అనగానే భయమేసింది, ఎటు చూసినా చీజేనాయె.

మొదట దిగింది బొలోన్యాలో. పేరు చెప్పను గానీ ఒక చిన్న హోటల్లో కూర్చుని "చీజ్ వద్దు" అని గట్టిగా చెప్పా. వెయిటర్ బుద్ధిగా పైన తురిమే పార్మిజానో చీజ్ మానేసి లసాన్యా, అంటే పొరలు పొరలుగా పేర్చి చేసే పాస్తా, తెచ్చిపెట్టాడు. ఫోర్క్‌తో ఒక పొర ఎత్తితే లోపల తెల్లగా చిక్కగా ఏదో జారింది, పిండి సాసేమో అనుకుని తినేశా. అది బెషమెల్ అనే సాస్, పాలు వెన్న మైదాతో చేస్తారు! రెండు గంటల తర్వాత పోర్టికోల (స్తంభాల మీద కప్పున్న నడక దారుల) కింద స్తంభానికి ఆనుకుని కదల్లేక కూర్చున్నా, మావారు టాయిలెట్ ఎక్కడుందో వెతకడానికి పరిగెత్తారు.

తర్వాత తెలిసింది ఏంటంటే ఆయన తీసేసిన పార్మిజానోనే నాకు పడేది. దాన్ని కనీసం 12 నెలలు మాగబెడతారు, లాక్టోజ్‌ని అయితే తయారైన కొత్తలోనే అందులోని బ్యాక్టీరియా తినేస్తాయి. పడనివి పాలు, క్రీమ్, రికోట్టా లాంటి తాజా చీజ్ రకాలు. అంటే నేను అడిగిన మాటే తప్పు. "పాల ఎలర్జీ" అన్నా తప్పే, అప్పుడు పార్మిజానో కూడా దగ్గరికి రానివ్వరు. "సెంజా లాట్తోజియో" అనాలి, అంటే లాక్టోజ్ లేకుండా అని, ఆ వెంటనే సాస్‌లో పాలుగానీ వెన్నగానీ పడ్డాయా అని విడిగా అడగాలి.

బొలోన్యాలో మాకు బాగా కలిసొచ్చింది బస. వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం, సూపర్‌మార్కెట్‌లో లాక్టోజ్ లేని పాలు సులభంగా దొరికాయి, పొద్దున కాఫీకి బెంగ లేదు. ప్యాకెట్ల మీద చూడాల్సిన పదం "లాట్తే", పాలు అని అర్థం. యూరప్ రూల్ ప్రకారం తప్పక చెప్పాల్సిన 14 ఎలర్జీ పదార్థాల్లో పాలు ఒకటి, కాబట్టి పదార్థాల లిస్టులో మిగతా వాటికన్నా కొట్టొచ్చినట్టు అచ్చేస్తారు. సాసేజ్‌లలో కూడా ఒక్కోసారి పాలపొడి ఉంటుంది, నేను అస్సలు ఊహించలేదు.

అన్నిటికన్నా మంచి సర్వీస్ మాత్రం ఫార్మసీలో దొరికింది. ఆకుపచ్చ ప్లస్ గుర్తు కనిపిస్తే వెళ్ళి "లాట్తాజి" అంటే చాలు, లాక్టేజ్ టాబ్లెట్లు ప్రిస్క్రిప్షన్ లేకుండానే ఇచ్చారు. మొదటి ముద్దతో వేసుకోవాలి, తిన్నాక ఎప్పుడో వేసుకుంటే పెద్దగా ఉపయోగం లేదని అక్కడామె ఓపిగ్గా చెప్పింది.

రోమ్‌లో హోటల్ బ్రేక్‌ఫాస్ట్ నాకు దండగ, అన్నీ వెన్న క్రోసాంట్లూ క్రీమ్ బన్నులూ. కానీ భోజనం మాత్రం హాయి. అక్కడి కార్బొనారా పాస్తాలో క్రీమ్ వెయ్యరు, గుడ్డు, పెకొరీనో చీజ్, పంది మాంసం, మిరియాలు అంతే. కాచో ఎ పేపె అనే పాస్తాలో కూడా పెకొరీనో, మిరియాలే. పెకొరీనో రొమానో గొర్రె పాలదైనా కనీసం ఐదు నెలలు మాగినది, రెండూ తిన్నా కడుపు కిక్కురుమనలేదు.

ఇక నేపుల్స్‌లో నా ప్లేటు మారినారా పిజ్జా. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె, చీజే ఉండదు, ఎవర్నీ ఏమీ బతిమాలక్కర్లేదు. అంచు మీద నల్లటి మచ్చలు, మధ్యలో మెత్తగా తడితడిగా, చేత్తో మడిచి తిన్నా. మోజరెల్లా చీజ్ ఉన్న మార్గెరీటా పిజ్జా టాబ్లెట్ వేసుకుని సగం తిన్నా, ఓకే. జెలాటో (ఇటలీ ఐస్‌క్రీమ్) షాపుల్లో నిమ్మకాయ సోర్బెట్టో, అంటే పండ్ల రసంతో చేసే ఐస్, నాకు పడింది, అయినా పాలు కలిపారా అని అడిగే తీసుకున్నా.

మళ్ళీ వెళ్తే మాత్రం బొలోన్యా చివర్లో పెట్టుకుంటా, టాబ్లెట్లు చేతిలో ఉంచుకుని ఆ లసాన్యాని నింపాదిగా తినాలి, రుచి మాత్రం ఇంకా నాలుక మీదే ఉంది.