మిషన్లకు కార్డు తాళం: మూడేళ్లు వాడాక

మేం నలుగురం కలిసి వాడుకునే వర్క్‌షాప్‌లో టేబుల్ సా, లేత్, డ్రిల్, లేజర్ కట్టర్‌లకు కార్డు తాళం, అంటే కార్డు పెడితేనే కరెంటు అందే ఏర్పాటు, పెట్టి మూడేళ్లు దాటింది. నేర్చుకున్నవాళ్లే మిషన్ ముట్టుకోవాలి, అంతే ఉద్దేశం. ఈఎస్‌పీ32 బోర్డు (ప్రోగ్రామ్ నడిపే చిన్న చిప్ బోర్డు), కార్డు చదివే ఆర్‌సీ522 రీడర్, ఒక రిలే (బోర్డు చెప్తే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్) తెచ్చి మేమే కట్టుకున్నాం. ఇప్పుడు నడుస్తున్నది మూడోసారి కట్టింది. మొదటిదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఎందుకంటే అందులో లేత్ మోటార్‌ని నేరుగా బోర్డు మీది రిలేకే తగిలించాం. రిలే మీద 30 ఆంప్స్ అని రాసుంది కదా అని ధీమా. మోటార్ స్టార్టయ్యే ఆ క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఆరేడు రెట్లు కరెంటు లాగుతుందని తెలిసి కూడా పట్టించుకోలేదు. ఏడో నెలలో ఒకరోజు కార్డు తీశాను, ఎర్ర లైటు వెలిగింది, స్క్రీన్ మీద 'లాక్' అని పడింది, లేత్‌లో పనిముక్కని పట్టుకుని తిప్పే చక్ మాత్రం తిరుగుతూనే ఉంది. గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్ పీకాను. రిలే విప్పి చూస్తే అగ్గిపుల్ల తలంత కాంటాక్టులు రెండూ కరిగి ఒకటైపోయాయి.

ఇప్పుడు మోటార్ల కోసమే చేసిన ఏసీ-3 రేటింగ్ కాంటాక్టర్లు (పెద్ద కరెంటుని తట్టుకునే స్విచ్‌లు) వాడుతున్నాం, రిలే పని వాటిని ఆన్ చేసే కాయిల్‌కి కరెంటు ఇవ్వడం వరకే. కాంటాక్టర్‌కి ఉండే ఆగ్జిలరీ కాంటాక్టు (అది మూసుకుందో తెరుచుకుందో చెప్పే చిన్న కాంటాక్టు) నుంచి ఒక వైరు బోర్డుకి వస్తుంది, కాయిల్ ఆపేశాక కూడా అది మూసుకునే ఉంటే బజర్ మోగి, పైన సిరీస్‌లో ఉన్న రెండో కాంటాక్టర్ ఆఫ్ అయిపోతుంది. ఎమర్జెన్సీ స్టాప్ బటన్ అసలు బోర్డు జోలికే వెళ్లదు, కాయిల్ వైరులోనే సిరీస్‌గా ఉంటుంది. ప్రాణం మీదకొచ్చినప్పుడు ప్రోగ్రామ్‌ని నమ్ముకుని కూర్చోలేం.

అన్నిటికంటే ఆలస్యంగా బుర్రకెక్కింది ఏంటంటే, కార్డు పెడితే మిషన్‌కి అనుమతి రావాలి గానీ మిషన్ కదలకూడదు. ముందు వాడినవాళ్లు టేబుల్ సా స్విచ్ ఆన్‌లోనే వదిలేసి వెళ్లారనుకోండి, మీరు కార్డు పెట్టగానే బ్లేడు గిర్రున తిరుగుతుంది, అప్పుడు మీ చెయ్యి ఎక్కడుంటుందో మీకే తెలియదు. అందుకే ప్రతి మిషన్‌కీ కరెంటు పోతే దానంతటదే ఆఫ్ అయిపోయే స్టార్టర్ స్విచ్ పెట్టాం, కార్డు తర్వాత పచ్చ బటన్ నొక్కాల్సిందే.

ఆపడం కూడా అంతే. మొదట్లో కార్డు తీస్తే పవర్ కట్ అయ్యేది. పైగా బోర్డు ప్రతి అరనిమిషానికీ సర్వర్‌ని అడిగేది కాబట్టి, రౌటర్ ఒకసారి రీస్టార్ట్ అయ్యేసరికి నడుస్తున్న మిషన్లన్నీ ఆగిపోయాయి, చెక్కలో సగం దాకా దిగిన బ్లేడు అక్కడే బిగుసుకుంది. దాన్ని అలాగే మళ్లీ స్టార్ట్ చేస్తే చెక్క ఎగిరి మీదకొస్తుంది. ఇప్పుడు సభ్యుల లిస్టు బోర్డులోనే ఉంటుంది, నెట్ లేకపోయినా పని ఆగదు. కరెంట్ సెన్సర్ మోటార్ నడుస్తోందని చెప్తున్నంతసేపు బోర్డు ఎవరి సెషన్‌నీ ముగించదు. లేజర్ ఎగ్జాస్ట్ ఫ్యాన్‌కి కార్డుతో సంబంధమే లేకుండా చేశాం, లోపల పొగ ఉండగా ఫ్యాన్ ఆగితే ఎలా?

చిన్న చికాకులు చాలానే ఉన్నాయి. ఈఎస్‌పీ32 బూట్ అయ్యేటప్పుడు కొన్ని పిన్నులు క్షణం పాటు హైలోకి (ఆన్ స్థితికి) వెళ్తాయి, రిలే టిక్కుమనేది. పిన్ను మార్చి, దాన్ని ఆఫ్‌లోనే పట్టి ఉంచే పుల్‌డౌన్ రెసిస్టర్ పెడితే పోయింది. కాంటాక్టర్ ఆఫ్ అయినప్పుడల్లా రీడర్ మొరాయించేది, కాయిల్‌కి స్నబ్బర్ (ఆఫ్ అయ్యేటప్పుడు వచ్చే వోల్టేజ్ కుదుపుని అణచేది) వేశాక చాలావరకు తగ్గింది. రీడర్‌ని ఇనుప ప్యానెల్‌కి ఆనించి బిగిస్తే కార్డు చదవనే చదవదు, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి.

కార్డుల కాపీ గురించి చాలామంది అడుగుతారు. అవును, మైఫేర్ క్లాసిక్ రకం కార్డుల రక్షణ 2008లోనే బద్దలైంది, పైగా మేం చదివేది కార్డు నంబరే, దాన్ని కాపీ చేయడం కష్టమేం కాదు. మాకు దొంగల కంటే మొహమాటమే పెద్ద సమస్య. 'ఒక్క కట్ చేసుకుంటా, నీ కార్డు పెట్టవా' అంటే కాదనలేరు.

ఇంకొకటి, బ్లేడు మార్చేటప్పుడు కార్డు తాళాన్ని నమ్మి ప్లగ్ పీకకుండా చెయ్యి పెట్టకండి.

ఖాళీగా ఉంటే ఎంతసేపటికి లాక్ కావాలన్నది మాత్రం ఇంకా తెగలేదు. మొదట 15 నిమిషాలు పెట్టాం, ఒకరు ఫోన్ మాట్లాడటానికి బయటికి వెళ్తే ఇంకొకరు వచ్చి పచ్చ బటన్ నొక్కేశారు. ఇప్పుడు 3 నిమిషాలు. చెక్క కొలుచుకుని, గీత గీసుకుని వచ్చేసరికి లాక్ అయిపోతోందని అందరూ విసుక్కుంటున్నారు, నాతో సహా.